లెక్క వ్రాయువాడు, లెక్క చూచువాడు



ఇంటర్మీడియేటు ముగించిన మనుమనిగూర్చియో, బి. కాం. చదువుచున్న మనుమరాలిగూర్చియో మాటలాడుకొనునపుడు మన గ్రామములలో నేడు తఱచుగా వినబడు అక్షరములు కొన్ని కలవు. ఒకరు సి. ఏ. యందురు, వేఱొకరు సి. ఎం. ఏ. యందురు, ఇంకొకరు అమెరికా వారి సి. పి. ఏ. మేలందురు. అక్షరములు అక్కచెల్లెండ్రవలె ఒకదానినొకటి పోలియున్నవిగాని, వాని నిచ్చు సంస్థలు వేఱు, వానివలన కలుగు అధికారము వేఱు. ఈ భేదము తెలియక పొలము తాకట్టుపెట్టి రుసుములు చెల్లించినవారిని నే నెఱుగుదును. విశాఖపట్టణమున లెక్కల వృత్తిలో చిరకాలము గడిపినవాడను గనుక, ఈ అక్షరముల పుట్టుపూర్వోత్తరములను మీకు విన్నవింపదలచితిని. ఒకని లెక్కను వేఱొకడు చూచి 'సరిగానున్నది' యని చేవ్రాలు చేయుటకు అర్హత యెవరికి కలదు, ఆ అర్హతను నిర్ణయించువా రెవరు అను ప్రశ్నకు ఆయా కాలములవారు వేర్వేఱు సమాధానములు చెప్పిరి. అది తెలిసినగాని నేటి సంస్థల తీరు మనకు బోధపడదు.

తెలుగునాట లెక్క క్రొత్తది కాదు. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెనుగుపద్యములలోనికి తెచ్చి తొమ్మిదివందల యేండ్లు దాటినది. గ్రామమందలి లెక్క కరణముది. తాటాకుల కవిలెకట్టలపై గంటముతో వ్రాసిన ఆ లెక్కలలో భూమి, పంట, శిస్తు, నీటివాటా, దేవళపు మాన్యములు అన్నియు నుండెడివి. కర్నలు కాలిన్ మెకంజీ పక్షమున కావలి సోదరులు మొదలగువారు ఊరూర తిరిగి స్థానిక చరిత్రలు సేకరించినపుడు వారికి దొరకిన ముఖ్యాధారములలో కరణముల దండకవిలెలు కలవు. సుమతీశతకకారుడు కరణమునుగూర్చి ఒకటికి మించిన పద్యములు చెప్పుటనుబట్టి, ఊరివారికి ఆ యుద్యోగిపై ఎంత గౌరవమో అంత బెదురును ఉండెడిదని ఊహింపవచ్చును. ఆ బెదురునకు కారణము సులభముగనే తెలియును. లెక్క వ్రాయువాడు ఒక్కడే. దానిని చదువగలవాడును ఊరిలో అతడొక్కడే.

ఆ లెక్కలకు తనిఖీ లేకపోలేదు. ఫసలీవారీగా జమాబందీ జరుగుచుండెడిది. మా తాతగారు కరణీకము చేసినవారు. జమాబందీ దినములు సమీపించినంతనే ఇంటిలో ఇతర ప్రసంగము లేదు. అడంగలు, చిట్టా మొదలగు లెక్కలన్నియు కట్టలుగట్టి, బండిలో వేసికొని, తాలూకా కచ్చేరీకి పోవుదురు. అచ్చట గుమాస్తాలు ఒక పుస్తకములోని మొత్తమును మఱియొక పుస్తకములోని మొత్తముతో సరిపోల్చుదురు; సాగు విస్తీర్ణమునకును శిస్తుకును పొంతన చూతురు; తుదకు జమాబందీ అధికారి చేవ్రాలు చేయును. పద్ధతి మంచిదే. కాని ఆ తనిఖీ సర్కారు బొక్కసముకొఱకు ఏర్పడినది. శిస్తు తగ్గెనా యని చూచుటకు అధికారి యుండెను గాని, రైతువద్ద ఎక్కువగా వసూలయ్యెనా యని చూచుటకు రైతు పక్షమున నిలిచి లెక్క చదువువాడు లేడు. ఎవరి మేలుకొఱకు తనిఖీయో, ఆ తనిఖీదారును ఎవరు నియమించిరో ముందుగా అడుగవలెనని నేను మొట్టమొదట నేర్చికొన్నది వృత్తిగ్రంథములలో కాదు, ఈ జమాబందీ కథలలోనే.

ఇక అర్హత సంగతి. కరణీకము వంశపారంపర్యము. 1895వ సంవత్సరమున మద్రాసు ప్రభుత్వము చేసిన గ్రామోద్యోగముల చట్టము ఆ వంశహక్కును గుర్తించి స్థిరపఱచెను. స్వతంత్రము వచ్చిన పిదప గుంటూరు జిల్లా తెనాలి తాలూకాలోని ఒక గ్రామపు మునసబు పదవి విషయమున దావా పుట్టి సుప్రీంకోర్టువఱకు పోయినది. పుట్టుకనుబట్టి సర్కారు ఉద్యోగ మిచ్చుట రాజ్యాంగముచే పౌరులకు సంక్రమించిన సమానావకాశమునకు విరుద్ధమని 1960 డిసెంబరులో ఆ న్యాయస్థానము తీర్పుచెప్పి, 1895 నాటి చట్టములోని వంశహక్కు విధిని కొట్టివేసెను. తరువాత 1984 జనవరిలో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఆర్డినెన్సు మూలమున కరణము, మునసబు పదవులనే రద్దుచేసెను. దానిని మెచ్చినవారు కలరు, నొచ్చుకొన్నవారును కలరు. మా కుటుంబములోనే ఉభయులును ఉండిరి. ఏమైనను, పుట్టుకచేత లెక్కకాడగు కాలము అంతటితో ముగిసినది.

గ్రామమునుండి వర్తకమునకు వత్తము. షావుకారి తన సొమ్ముతో తాను వ్యాపారము చేసికొనునంతవఱకు రోజుచిట్టా, ఆవర్జా చాలును. పరుల తనిఖీతో అతనికి పనిలేదు. పదిమంది సొమ్ము పోగై, ఆ పదిమందికిని వ్యాపారము కంటికి కనబడని దూరమున నున్నపుడే చిక్కు పుట్టును. దీనికి మన ప్రాంతమువారికి తెలిసిన నిదర్శన మొకటి చెప్పెదను. మద్రాసులో ఆర్బత్‌నాటు కంపెనీ యని గొప్ప దొరల కొఠీ యుండెడిది. మన పాలకొండ తాలూకాను పెక్కేండ్లు గుత్తకు తీసికొన్నవారు వారే. దొరలమాటకు తిరుగులేదని నమ్మి జమీందారులు, వకీళ్లు, పింఛనుదారులు, విధవలు ఆ కొఠీలో సొమ్ము దాచుకొనిరి. 1906 అక్టోబరు 22వ తేదీన కొఠీ తలుపులు మూతబడెను. ఆ వ్యాపారమునకు పెద్దయైన సర్ జార్జి ఆర్బత్‌నాటునకు కారాగారశిక్ష పడినదిగాని, సొమ్ము దాచినవారికి ఆ శిక్షవలన ఒరిగిన దేమున్నది? అది భాగస్వామ్యపు కొఠీ యగుటవలన దాని లెక్కలను బయటివాడు చూచి తీరవలెనను నిర్బంధ మాకాలమున లేదు. ఆ దెబ్బ తిన్న మరుసటి సంవత్సరమే, వి. కృష్ణస్వామయ్యరు మొదలగువారి పూనికతో ఇండియన్ బ్యాంకు వెలసెను.

ఇట్టి దెబ్బలు తిని సీమదేశమువారు అప్పటికే ఒక మార్గము కనుగొనియుండిరి. జమకు ఒక పద్దు, ఖర్చునకు ఒక పద్దు వ్రాసి రెండును తుల్యముగా నిలుపు జంటపద్దుల విధానమును ఇటలీ వర్తకులు చిరకాలముగా వాడుచుండ, లూకా పాచియోలి యను సన్న్యాసి 1494లో వెనిసు నగరమున అచ్చుపుస్తకమున వివరించెను. పద్ధతి పుస్తకమునకెక్కెనుగాని, లెక్కలవారి సంఘమునకు సన్నదు లభించుటకు మూడున్నర శతాబ్దములు గడిచెను. రైళ్ల కంపెనీలు, దివాలాలు పెరిగిన కాలమున, 1854లో, స్కాట్లండులోని ఎడింబరో నగరపు లెక్కలవారు ఒక సంఘముగా కూడి రాణిగారివద్ద సన్నదు సంపాదించిరి. ఇంగ్లీషున ఆ సన్నదును 'చార్టరు' అందురు. చార్టర్డు అకౌంటెంటను మాట కిదియే మూలము. మఱుసటి యేడు గ్లాస్గోవారికిని సన్నదు వచ్చెను. ఆ గ్లాస్గోలోనే 1878లో నగరపు బ్యాంకు కూలి, అపరిమిత బాధ్యత గల వాటాదారులలో అత్యధికులు సర్వస్వము కోల్పోయిరి. వెంటనే 1879లో, పరిమిత బాధ్యతతో ఏర్పడు బ్యాంకులకు ఏటేట తనిఖీ తప్పదని బ్రిటిషు పార్లమెంటు శాసించెను. ఇంగ్లండు, వేల్సులవారి సంస్థకు 1880లో సన్నదు లభించెను. కొంపలు కూలినపిదప గాని తనిఖీదారు అక్కఱ లోకమునకు తెలియలేదు.

మన దేశమున 1913వ సంవత్సరపు కంపెనీల చట్టము పబ్లికు కంపెనీలకు ఆడిటు విధించి, ఆడిటరునకు యోగ్యతాపత్ర ముండవలెనని చెప్పెను. ఆ పత్రములు రెండు తెగలు. ఒకటి దేశమంతట చెల్లునది. రెండవది ఆయా రాష్ట్రములో, పత్రమునందు పేర్కొన్న భాషలలోని లెక్కలకు మాత్రమే చెల్లునది. ఈ రెండవ తెగ నాకు ముచ్చటగా తోచును. తెలుగు చిట్టా చదువగలుగుటయే ఒక అర్హతగా ప్రభుత్వము అంగీకరించిన కాలమది. 1918లో బొంబాయిలో ప్రభుత్వపు అకౌంటెన్సీ డిప్లొమా ఏర్పడెను. అనుభవశాలియైన ఆడిటరుకడ మూడేండ్లు శిష్యరికము చేసి పరీక్ష నిచ్చినవారికది లభించెడిది. 1932లో అఖిలభారత అకౌంటెన్సీ మండలియు, రిజిస్టర్డు అకౌంటెంట్ల పట్టికయు ఏర్పడినవి. మఱుసటి యేట, 1933లో, మద్రాసునకు చెందిన ఆర్. శివభోగమను స్త్రీ ఆ పరీక్ష నెగ్గి దేశములో మొట్టమొదటి మహిళా అకౌంటెంటు అయ్యెను. ఉత్తరోత్తర దక్షిణ ప్రాంతీయ మండలికి అధ్యక్షతయు వహించెను. మనుమరాండ్రగూర్చి సంశయించు పెద్దలు ఈ సంగతి గమనింతురు గాక.

ఇంతవఱకు యోగ్యత నిర్ణయించునది ప్రభుత్వమే. వృత్తివారే తమ వృత్తిని నడుపుకొనవలెనను కోరిక 1949లో నెరవేఱెను. ఆ సంవత్సరము రాజ్యాంగసభయే శాసనసభగా కూర్చుండి చార్టర్డు అకౌంటెంట్ల చట్టమును చేసినది. సీమలో చార్టరు రాణిగారి సన్నదు. మనకు రాజసన్నదు లేదు, ప్రజాప్రతినిధుల చట్టమే సన్నదు. పేరు మాత్రము పాతదే నిలిచినది. చట్టము అమలునకు వచ్చిన దినము 1949 జూలై 1. ఆనాడే ఇన్‌స్టిట్యూటు ఆఫ్ చార్టర్డు అకౌంటెంట్సు ఆఫ్ ఇండియా యను సంస్థ పుట్టెను. జి. పి. కపాడియా దాని ప్రథమాధ్యక్షుడు. మన ఫసలీ సంవత్సరము ఆరంభమగునదియు జూలై 1వ తేదీయే. కరణముల క్రొత్త యేడును, చార్టర్డు అకౌంటెంట్ల పుట్టినరోజును ఒక్కటే యగుట కాకతాళీయమే యైనను, తాతగారి లెక్కలు చూచిన నా కన్నులకు అది ముద్దుగ నుండును.

విశాఖపట్టణమున ఈ వృత్తి యెట్లు పెరిగెనో చెప్పుటకు ముందు ఊరెట్లు పెరిగెనో చెప్పవలెను. 1933 అక్టోబరు 7న 'జలదుర్గ' యను ఓడ క్రొత్త రేవులో ప్రవేశించెను. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డను ప్రభువు నౌకాశ్రయమును లాంఛనముగా తెఱచెను. కట్టించినది బెంగాలు నాగపూరు రైల్వే. ఆ కంపెనీ పాలకమండలి కూర్చుండునది లండనులో. మాంగనీసు ఇచ్చట ఓడకెక్కును. లాభనష్టములు అచ్చట తేలును. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాదు సింధియా కంపెనీవారి నౌకానిర్మాణశాలకు శంకుస్థాపన చేసిరి. 1948 మార్చి 14న జవహర్‌లాల్ నెహ్రూ 'జలఉష'ను నీటిలోనికి విడిచిరి. 1952లో ఆ శాల హిందుస్థాన్ షిప్‌యార్డయ్యెను.

ఓడతోడనే క్రొత్త ప్రశ్న యొకటి పుట్టెను. ఈ ఓడకు నిజముగా అయిన ఖర్చెంత? విశాఖలో ఓడ కట్టు ఖర్చు బ్రిటనులో అట్టి ఓడ ధరను మించుచుండెను. కొనువాడు ఆ ఎక్కువ ధర నీయడు గనుక, తేడాను ప్రభుత్వము భరించెను. అపుడు ఇనుపరేకునకెంత, కూలికెంత, క్రేనుల అరుగుదలకెంత, పనిలేక గడచిన దినములకెంత యని విడదీసి చెప్పువాడు కావలసివచ్చెను. సంవత్సరాంతమున లాభమా నష్టమా యని చెప్పువాని విద్య ఇందులకు చాలదు. మన యిండ్లలోని పోలిక చెప్పెదను. పంట అమ్మిన పిమ్మట చేతిలో నెంత మిగిలెనని చూచుట ఒక లెక్క. బస్తా ధాన్యము పండించుటకు దున్నకమున కెంత, ఊడ్పున కెంత, ఎరువున కెంత, స్వంత యెడ్ల మేతకెంత యని తేల్చుట మఱియొక లెక్క. ఈ రెండవ విద్యగలవారు కాస్టు అకౌంటెంట్లు. యుద్ధకాలమున అయిన ఖర్చునకు పైన ఇంత లాభమను కరారుతో ప్రభుత్వము సరకు కొనవలసివచ్చినపుడు వీరి అవసరము మిక్కిలిగా తెలిసి, 1944లో కలకత్తాలో వీరి సంస్థ వెలసెను. 1959లో పార్లమెంటు దానికి చట్టప్రతిపత్తి నొసగెను. 1965లో కంపెనీల చట్టమును సవరించి, ప్రభుత్వ మాజ్ఞాపించిన పరిశ్రమలలో ఖర్చుల ఆడిటును ప్రవేశపెట్టిరి. సి. ఎం. ఏ. యను అక్షరములు ఈ సంస్థవారివి.

ఈ రెండు విద్యల భేదము ఉక్కు కర్మాగారమున స్పష్టమగును. 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అను నినాదముతో నడచిన ఉద్యమమున రాష్ట్రమంతట 32 మంది ప్రాణములు కోల్పోయిరి. 1971 జనవరి 20న శ్రీమతి ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిరి. రాష్ట్రీయ ఇస్పాత్ నిగం అను ప్రభుత్వ కంపెనీ 1982లో ఏర్పడెను. అరువదికి పైబడిన గ్రామములవారు ఇరువదివేల ఎకరములకు మించిన భూమి నిచ్చిరి. 1992 ఆగస్టు 1న పి. వి. నరసింహారావుగారు కర్మాగారమును జాతికంకితము చేసిరి. మొదటి అంచనా సుమారు 3,897 కోట్ల రూపాయలు. పూర్తియగుసరికి 8,500 కోట్ల వఱకు పోయెను. నిర్మాణము సాగినకొలది అప్పు పెరిగెను, అప్పునకు వడ్డీ పెరిగెను. తొలి సంవత్సరముల నష్టములో ఈ వడ్డీ పాలు పెద్దది. 2002-03 నుండి కంపెనీ లాభము గడించినది. తరువాత మఱల నష్టములు చుట్టుకొన్నవి. 2021 జనవరిలో ప్రభుత్వపు వాటా నంతయు అమ్మివేయుటకు కేంద్రమంత్రివర్గోపసంఘము సూత్రప్రాయముగా అంగీకరింపగా పట్టణమున తీవ్రాందోళన చెలరేగెను. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల పునరుజ్జీవన సహాయమును కేంద్రము ప్రకటించినది.

ఇచ్చట నష్టమను ఒక్క మాటలో రెండు ప్రశ్నలున్నవి. నష్టము వచ్చినదా, ఎంత? దీనికి సమాధానము చార్టర్డు అకౌంటెంటు చేవ్రాలుగల నివేదికలో నుండును. ఏల వచ్చినది? దీనికి కాస్టు అకౌంటెంటు పుస్తకములు తెఱవవలెను. టాటావారికిని, సెయిలునకును తమవి యగు ఇనుపఖనిజపు గనులున్నవి. విశాఖ కర్మాగారమునకు స్వంత ఇనుపగని లేదు; బైలదిల్లా మొదలగు చోట్లనుండి ఖనిజమును ధర చెల్లించి కొనవలెను. టన్ను ఉక్కునకు అయిన ఖర్చులో ఖనిజమున కెంత, బొగ్గున కెంత, వడ్డీ కెంత, జీతముల కెంత యని విడదీసినపుడే, పనివారి సోమరితనమువలన నష్టమనువారి మాటయు, గని లేకపోవుటవలన నష్టమనువారి మాటయు తూకమునకు వచ్చును. భూమి నిచ్చిన కుటుంబములకును, ఉద్యోగులకును ఈ లెక్క కేవలము కాగితము కాదు. కర్మాగారములో పనిచేయు ఈ విద్యవారి సంఖ్య తక్కువ కాదు. కాస్టు అకౌంటెంట్ల సంస్థకు విశాఖపట్టణమందే గాక ఉక్కునగరమందును ఒక శాఖ కలదు.

ప్రభుత్వ కంపెనీకి ఆడిటరును ఆ కంపెనీ పెద్దలు ఏర్పఱచుకొనరాదు. భారత కంప్ట్రోలరు ఆడిటరు జనరలు వారు నియమింతురు. ఆ ఆడిటరు చూచిన పిదప తామును అనుబంధముగా తనిఖీ చేయింతురు. నౌకాశ్రయపు లెక్కలును వారి చూపునకు లోబడినవే. ఈ పదవిని మొదట నలంకరించిన భారతీయుడు వి. నరహరిరావుగారు, 1948లో. లెక్కలో చూపబడు అధికారికిని, చూచు ఆడిటరునకును నడుమ బంధము తెంచుటకే ఈ యేర్పాటు. జమాబందీలోని లోపము ఇందు కొంత తీఱినది.

మూడవ సంస్థ యొకటి కలదు. దానిగూర్చి రెండు మాటలు చాలును. కంపెనీ సెక్రటరీల సంస్థకు 1980 చట్టము ఆధారము. వారి పని లెక్కలు గాదు, కంపెనీ సభలు, తీర్మానములు, చట్టవిధుల పాలన. మూడును కంపెనీ వ్యవహారముల మంత్రిత్వశాఖ క్రింద చట్టబద్ధముగా నున్న సంస్థలే. చార్టర్డువారికిని, సెక్రటరీలవారికిని ప్రధానకార్యాలయము ఢిల్లీ.

సి. ఏ. మార్గమున మూడు మెట్లు: ఫౌండేషను, ఇంటర్మీడియేటు, ఫైనలు. పండ్రెండవ తరగతి పిదప మొదటి మెట్టెక్కవచ్చును. నియమితమైన మార్కులు తెచ్చుకొన్న పట్టభద్రులు నేరుగా రెండవ మెట్టునకు పోవచ్చును. ప్రతి పరీక్షాపత్రమున నూటికి నలువదియు, సమూహమునకు మొత్తముమీద సగమును రావలెను. రెండవ మెట్టు దాటినపిమ్మట వృత్తిలోనున్న చార్టర్డు అకౌంటెంటుకడ శిష్యరికము చేయవలెను. మున్ను మూడేండ్లుండిన ఆ కాలమును 2023 నుండి రెండేండ్లకు తగ్గించిరి. సి. ఎం. ఏ. లోనూ మూడు మెట్లే. శిక్షణ పదునైదు నెలలు. శిష్యరికమును తగ్గించుట నాకంతగా రుచింపలేదు. గిడ్డంగిలోని సరకును లెక్కపెట్టి పుస్తకముతో పోల్చునపుడు, బ్యాంకు కాగితమును దీపమునకెదురుగా పట్టి చూచునపుడు అలవడు అనుమానపుబుద్ధి గ్రంథములవలన రాదు. క్రొత్తతరమువారు ఇందులకు ఒప్పుకొనరు. వారి కారణములు వారికి కలవు.

ఇపుడు మీరు ముఖ్యముగా గమనింపవలసిన విషయము. విశాఖపట్టణమున ద్వారకానగరు వీధులలో శిక్షణాలయములు బారులుదీరి యున్నవి. అవి పాఠములు చెప్పునవి; పట్టము నిచ్చునవి కావు. ఎంత పెద్ద బోర్డు కట్టినను, ఎన్ని లక్షలు పుచ్చుకొన్నను, సి. ఏ. చేయు అధికారము వానికి లేదు. విద్యార్థి పేరు సంస్థ పట్టికలో నమోదై, నమోదు సంఖ్య చేతికి రావలెను. ఆ సంఖ్య చూపుమని అడుగుడు. నా కెఱుకగల యొక కుటుంబమున, రెండేండ్లు రుసుములు కట్టినపిదప, పిల్లవాని పేరు ఏ సంస్థలోను నమోదు కాలేదని తేలెను. ఆ శిక్షణాలయము మూతబడెను, సొమ్ము తిరిగిరాలేదు.

విదేశపు అక్షరములకును ఇదే పరీక్ష. అమెరికాలో సి. పి. ఏ. అనుమతినిచ్చునది అచ్చటి ఆయా రాష్ట్రముల మండలి. న్యూయార్కు రాష్ట్రము 1896లో మొట్టమొదట ఈ చట్టము చేసెను. 1904లో పుట్టిన సంఘమునకు వారసమైన ఏ. సి. సి. ఏ. బ్రిటిషువారిది. ఈ పట్టములు పొంది విదేశములలోను, మన దేశమందే విదేశీయ కంపెనీల కార్యాలయములలోను మంచి యుద్యోగములు చేయుచున్న తెలుగుబిడ్డలు చాలమంది కలరు. కాని వానితో విశాఖలోని కంపెనీకి చట్టబద్ధమైన ఆడిటు చేవ్రాలు చేయుటకు వీలులేదు. ఆ హక్కు మన సంస్థ సభ్యుడై, ప్రాక్టీసు పత్రము పొందిన చార్టర్డు అకౌంటెంటుదే. పిల్లవాడు కోరునది ఉద్యోగమో, చేవ్రాలు హక్కో ముందుగా తేల్చుకొన్నచో సగము సందేహము తీఱును.

చేవ్రాలు హక్కునుగూర్చి ఇంతగా చెప్పినపిదప, ఆ చేవ్రాలు మోసపోయిన ఘట్టమును దాచరాదు. 2009 జనవరి 7న హైదరాబాదులోని సత్యం కంప్యూటర్సు అధ్యక్షుడు బి. రామలింగరాజు, బ్యాంకులలో నున్నట్లు లెక్కలలో చూపిన అయిదువేల కోట్ల రూపాయలకు మించిన సొమ్ము అసలు లేదని స్వయముగా లేఖ వ్రాసెను. అన్ని పుస్తకములు తుల్యముగా నుండెను, ఆడిటరు చేవ్రాలుండెను, సొమ్ము మాత్రము లేదు. 2015 ఏప్రిలులో హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానము పదిమందిని దోషులుగా నిర్ణయించి శిక్షించినది. వారిలో ఆడిటు సంస్థకు చెందియుండిన ఇద్దఱు కలరు. పై న్యాయస్థానము అప్పీలు విచారణకు లోబఱచి ఆ శిక్షలను నిలిపివేసెను. వృత్తివారిని వృత్తివారే విచారించుకొనుట చాలునా యను ప్రశ్న అప్పుడు దేశమంతట లేచినది. 2013వ సంవత్సరపు కంపెనీల చట్టము ననుసరించి 2018 అక్టోబరులో జాతీయ ఆర్థిక నివేదికల ప్రాధికారసంస్థ ఏర్పడినది. పెద్ద కంపెనీల ఆడిటర్లపై విచారణాధికారము ఇపుడు దానిది. 1949లో వృత్తివారు సంపాదించుకొన్న స్వపరిపాలన ఇందువలన కొంత తగ్గినది. వృత్తిలోని నా మిత్రులు పలువురు దీనికి చింతించిరి; సొమ్ము పోగొట్టుకొన్నవారి పక్షమున నాలోచింపగా నాకు చింత కలుగలేదు.

చార్టర్డు అకౌంటెంటు నిజమైనవాడా యని తెలిసికొనుట ఇపుడు సులభము. నివేదికపై అతని సభ్యత్వసంఖ్య యుండును. 2019 నుండి ప్రతి ధ్రువపత్రముపైనను పదునెనిమిది అక్షరాంకముల ప్రత్యేకసంఖ్య వేయవలెనని సంస్థ విధించినది. ఆ సంఖ్యను సంస్థవారి కంప్యూటరు పుటలో వేసి చూచినచో పత్రము నిజమైనదో కూటమైనదో తెలియును. ఇంటిలోని పిల్లలు ఈ పని నిమిషములో చేయగలరు.

మీ గ్రామపంచాయతీ లెక్కలు మాత్రము వీరి చేతిలోనివి కావు. ఆంధ్రప్రదేశమున వానిని చూచునది రాష్ట్ర ఆడిటు శాఖ. పూర్వము స్థానిక నిధుల ఆడిటు అనెడివారు. ఆ తనిఖీ నివేదికను, సంవత్సరపు జమాఖర్చుల పట్టికను గ్రామసభ ముందుంచవలెనని 1994వ సంవత్సరపు పంచాయతీరాజ్ చట్టములోని ఆఱవ సెక్షను చెప్పుచున్నది. ఆ సభలో గ్రామపు ఓటరు లందఱును సభ్యులే; నివేదికను తెలుగున చదివి వినిపింపుమని అందులో ఎవరైనను కోరవచ్చును.